అక్టోబరు 2 రాత్రి డ్రెస్డెన్‌లో దిగుతున్నాను, మొదటి రోజు ఎలా ఉంటుందో చెప్పండి

బ్రాడీపేట 4/14
సెప్టెంబరు 11, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. బీటెక్ మూడో సంవత్సరం. ఎక్స్ఛేంజ్ కింద ఒక సెమిస్టర్ జర్మనీలోని డ్రెస్డెన్‌లో చదవడానికి వెళ్తున్నాను. వీసా వచ్చింది. హాస్టల్ గది ఇచ్చినట్టు మెయిల్ కూడా వచ్చింది. టికెట్ అయిపోయింది. అక్టోబరు 2 శుక్రవారం తెల్లవారుజామున శంషాబాద్‌లో ఎక్కితే, మధ్యలో ఒకచోట విమానం మారి, మధ్యాహ్నానికి ఫ్రాంక్‌ఫర్ట్. అక్కణ్ణుంచి రైల్లో నాలుగున్నర గంటల పైనే. డ్రెస్డెన్ చేరేసరికి రాత్రి ఎనిమిది అవుతుంది.

మొదటి రోజు వీడియోలు చాలా చూశాను. అందరూ కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతున్నారు. నాకు కావలసింది అది కాదు. దిగిన దగ్గర్నుంచి మర్నాడు రాత్రి పడుకునేవరకు నిజంగా ఏం జరుగుతుంది? ఎక్కడ ఇరుక్కుంటాం? నేను ఒంటరిగా చేసిన పెద్ద ప్రయాణం పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్ళడమే. అదీ స్టేషన్‌లో పిన్ని నిలబడి ఉంటే.

కృష్ణలంక కుర్రాడు
సెప్టెంబరు 11, రాత్రి 10:05

పిన్నిని రెండు రోజుల ముందే డ్రెస్డెన్ పంపించేయండి. సమస్య తీరిపోతుంది.

మ్యూనిక్ మాచవరం
సెప్టెంబరు 11, రాత్రి 11:31

ఆగండి ఆగండి. అక్టోబరు 2 శుక్రవారం రాత్రి ఎనిమిదికా? ఈ తేదీ ఎవరు పెట్టారు?

అక్టోబరు 3 జర్మనీలో జాతీయ సెలవు. 1990లో తూర్పు, పశ్చిమ జర్మనీలు కలిసిన రోజు. దేశమంతా మూత. ఆ మర్నాడు ఆదివారం. అక్కడ ఆదివారం అంటే మన బీసెంట్ రోడ్డులో సగం షట్టర్లు దించినట్టు కాదు, సూపర్‌మార్కెట్ కూడా తెరవరు. మీరు దిగిన రాత్రి పదింటి తర్వాత మళ్ళీ సోమవారం పొద్దునే పాల ప్యాకెట్టు. పెద్ద రైల్వే స్టేషన్లలో మాత్రం కొన్ని కొట్లు ఉంటాయి.

తిండి సంగతి ఎలాగో గడుస్తుంది. అసలు చిక్కు తాళం. మీ గది తాళం హౌస్‌మైస్టర్ దగ్గర ఉంటుంది. మన వాచ్‌మన్, వార్డెన్, ప్లంబర్ ముగ్గురూ ఒకే మనిషి అయితే ఎలా ఉంటుందో ఆయన అలా ఉంటాడు. కానీ ఆయనకి ఆఫీసు వేళలుంటాయి. శుక్రవారం మధ్యాహ్నానికే తలుపేసుకుని వెళ్ళిపోయే వాళ్ళు చాలామంది. రాత్రి ఎనిమిదికి మీరు వెళ్ళి గుమ్మం ముందు నిలబడితే సోమవారం దాకా అలాగే నిలబడాలి.

ఇది నాకు జరిగింది కాబట్టి చెబుతున్నా. నేను శనివారం సాయంత్రం దిగాను. రెండు 23 కిలోల పెట్టెలు, వీపున ఒక బ్యాగు. హాస్టల్ గేటు మీద కాగితం అంటించి ఉంది, జర్మన్‌లో. ఫోన్‌లో అనువాదం చేసుకుంటే "సోమవారం 9 నుంచి 11" అని తేలింది. ఆ రెండు గంటలు తప్ప ఇంకేం లేవు. మ్యూనిక్‌లో అప్పుడు అక్టోబర్‌ఫెస్ట్ అనే పెద్ద బీరు జాతర నడుస్తోంది. ఊళ్ళో మంచం అన్నదే లేదు. చివరికి ఊరి బయట ఎనిమిది మంది పడుకునే గదిలో ఒక పై మంచం దొరికింది. రెండు రాత్రులకి అమ్మ ఇచ్చిన డబ్బులో ఎంత పోయిందో ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదు. ఆదివారం మొత్తం చేగోడీలు తిని మంచినీళ్ళు తాగాను. అవీ మంచినీళ్ళు కావు. సీసా మీద "క్లాసిక్" అని ఉంటే మామూలు నీళ్ళనుకున్నా, అది గ్యాసు నీళ్ళు. గోలీ సోడాతో చేగోడీలు తిన్నట్టే.

బ్రాడీపేట 4/14
సెప్టెంబరు 11, రాత్రి 11:48

అయ్యో. నాన్నే పెట్టారు. అక్టోబరు 2 గాంధీ జయంతి కదా, ఆఫీసుకి సెలవు పెట్టక్కర్లేకుండా ఎయిర్‌పోర్టు దాకా వచ్చి దింపొచ్చని. వాళ్ళకీ మర్నాడే పెద్ద సెలవు ఉంటుందని మాకేం తెలుసు. తేదీ మార్చాలంటే ఇంకో 20 వేలు అంటున్నారు. ఇప్పుడే నాన్నకి ఈ పోస్టు చదివి వినిపించాను. ఆయన ఏమీ మాట్లాడకుండా ఫ్యాన్ స్పీడు పెంచారు. నాకు టెన్షన్‌గా ఉంది.

లియాన్‌లో లక్ష్మీపురం
సెప్టెంబరు 12, ఉదయం 7:20

టెన్షన్ వద్దు చెల్లీ, టికెట్ మార్చొద్దు. ఇంకా మూడు వారాలుంది.

నీకు అడ్మిషన్ పంపిన ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఈరోజే మెయిల్ పెట్టు. నేను ఫలానా రోజు రాత్రి వస్తున్నాను, తాళం తీసుకోవడానికి నా బదులు ఎవరైనా వెళ్ళగలరా అని సూటిగా అడుగు. చాలా యూనివర్సిటీల్లో బడ్డీ అని ఒక సీనియర్ స్టూడెంట్‌ని ఇస్తారు. కానీ అడిగితేనే. ఆ బడ్డీకి నువ్వు సంతకం పెట్టిన ఒక అధికార పత్రం స్కాన్ చేసి పంపాలి. జర్మన్‌లో దాన్ని ఫోల్‌మాఖ్ట్ అంటారు. "నా తాళం ఈ వ్యక్తికి ఇవ్వండి" అని రెండు వాక్యాలు, సంతకం, నీ పాస్‌పోర్టు కాపీ. హాస్టల్ వాళ్ళు అది ఒప్పుకుంటారో లేదో కూడా ముందే అడుగు. నాకు తెలిసిన ఇద్దరు ఇలాగే తీసుకున్నారు.

నాది ఫ్రాన్స్ కథ. లియాన్ ఎయిర్‌పోర్టు నుంచి రోన్ ఎక్స్‌ప్రెస్ అనే ట్రాము ఉంటుంది, అరగంటలో పార్-ద్యూ స్టేషన్‌లో దింపుతుంది. దాని టికెట్ ఎక్కడ కొనాలో తెలియక కౌంటర్లో ఉన్నావిడ దగ్గరికి వెళ్ళి ఇంగ్లిష్‌లో "టికెట్ ఎక్కడ" అన్నాను. ఆవిడ "బోంజూర్" అంది. నేను మళ్ళీ "టికెట్" అన్నాను. మళ్ళీ "బోంజూర్". ఈవిడకి ఇంగ్లిష్ రాదేమోనని ఇంకొంచెం గట్టిగా అడిగాను. మూడోసారి ఇంకా నెమ్మదిగా, నా కళ్ళలోకి చూస్తూ "బోంజూర్, మద్‌మొజెల్". అప్పటికి వెలిగింది. నేనూ "బోంజూర్" అన్నాను. వెంటనే చక్కటి ఇంగ్లిష్‌లో అంతా చెప్పింది! అక్కడ పలకరించకుండా పని అడగడం, చెప్పులతో పూజగదిలోకి వెళ్ళడం లాంటిది.

మొగల్రాజపురం మాస్టారు
సెప్టెంబరు 12, ఉదయం 8:02

అమ్మాయీ, తాళంతో పాటు ఇంకో కాగితం సంగతి కూడా ఆ మెయిల్లోనే రాయి. జర్మనీలో కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల లోపు స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి, అద్దె ఒప్పందం ఒక్కటీ చూపిస్తే సరిపోదు. అపాయింట్‌మెంట్ ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో చూసుకో. బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి నివాస అనుమతి దాకా చాలా పనులకు ఆ నమోదు కాగితం అడుగుతారు.

పాస్‌పోర్టు, అడ్మిషన్ లేఖ, హెల్త్ ఇన్సూరెన్స్, హాస్టల్ మెయిల్, ఇవన్నీ ప్రింటు తీసి చేతి బ్యాగులో పెట్టుకో. ఫోన్‌లో ఉన్నాయిలే అనుకోకు. ఫోన్ ఎప్పుడు చార్జింగ్ అయిపోతుందో దానికే తెలుసు.

గోంగూర 65
సెప్టెంబరు 12, ఉదయం 10:44

అందరూ కాగితాలే చెబుతున్నారు. పచ్చళ్ళ సంగతి ఎవరూ చెప్పరేం? మా తమ్ముడు వెళ్ళినప్పుడు ఆవకాయ, గోంగూర, కొబ్బరి కారం, రెండు కిలోల నెయ్యి, పాలకోవా కట్టాం.

మ్యూనిక్ మాచవరం
సెప్టెంబరు 12, మధ్యాహ్నం 1:15

నెయ్యి, కోవా దాటిపోయాయంటే మీ తమ్ముడి అదృష్టం. బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి సామాన్లలో తేకూడదు. కస్టమ్స్ వాళ్ళు తెరిస్తే చెత్తబుట్టలోకే. పచ్చి కరివేపాకు కూడా అంతే, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. ఎండబెట్టి పొడిచేసిందైతే ఇబ్బంది లేదు. ఆవకాయ, గోంగూర పట్టుకెళ్ళొచ్చు కానీ చేతి బ్యాగులో కాదు, నూనె ఉంటుంది కాబట్టి సెక్యూరిటీ దగ్గర ఆపుతారు. ఇంకోటి, మనవాళ్ళకి తెలియనిది: ఎండు కొబ్బరి చిప్పలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకునే వస్తువు కింద లెక్క. పవర్ బ్యాంకుకి దీనికి రివర్సు, అది చేతి బ్యాగులోనే ఉండాలి.

మొగల్రాజపురం మాస్టారు
సెప్టెంబరు 12, మధ్యాహ్నం 2:30

అసలు ఆరు నెలలకి పచ్చళ్ళెందుకు? వెళ్ళేది వాళ్ళ జీవితం చూడటానికి. వాళ్ళు తినేది తినండి. మా రోజుల్లో ఒక విద్యార్థి అక్కడ కూడా ఆవకాయ అన్నమే తిని, ఇంకేమీ రుచి చూడకుండా తిరిగొచ్చాడు. ఇక్కడే కూర్చుంటే సరిపోయేది కదా.

గోంగూర 65
సెప్టెంబరు 12, మధ్యాహ్నం 2:41

మాస్టారూ, మీరు ఎప్పుడైనా వారం రోజులు ఉప్పు లేని బంగాళాదుంప తిన్నారా?

మొగల్రాజపురం మాస్టారు
సెప్టెంబరు 12, మధ్యాహ్నం 2:50

తిన్నాను. బీపీ ఉంది.

కొత్తపేట కారం
సెప్టెంబరు 12, సాయంత్రం 4:12

నేను మాస్టారి పార్టీ కాదు కానీ జాగ్రత్త చెబుతున్నా. నేను దిగిన రోజే హాస్టల్ వంటగదిలో పప్పుకి తాలింపు పెట్టాను. గుంటూరు మిరపకాయలు నాలుగు. ఆ ఘాటు ఎటు పోవాలో తెలియక కారిడార్‌లోకి పోయింది. అక్కడ స్మోక్ అలారం. బిల్డింగంతా కిందికి దిగింది, ఒకడు టవల్‌తో. తర్వాత ఫైరింజన్. పప్పు చల్లారిపోయింది. బిల్లు నాకే వచ్చింది. తాలింపు పెట్టేటప్పుడు వంటగది తలుపు మూసి, కిటికీ తెరవాలి. నేను సరిగ్గా తిరగేసి చేశాను.

ఇంకో విషయం. ట్రాము టికెట్ కొంటే చాలదు. చాలా ఊళ్ళలో ఆ కాగితాన్ని ట్రాములోనో స్టాపులోనో ఉన్న చిన్న మిషన్లో పెట్టి ముద్ర వేయించాలి. మన బస్సుల్లోలాగా కండక్టర్ రాడు. నేను టికెట్ చేతిలో పట్టుకుని దర్జాగా కూర్చుంటే, మామూలు బట్టల్లో ఉన్న ఒకాయన కార్డు చూపించి 60 యూరోలు ఫైన్ వేశాడు. టికెట్ చూపించాను. ముద్ర ఏదన్నాడు. ఆ 60ని రూపాయల్లోకి మార్చి లెక్కేసుకోవడం నా జీవితంలో చేసిన పెద్ద తప్పు.

సింగపూర్ సత్తెనపల్లి
సెప్టెంబరు 12, సాయంత్రం 5:33

మా మొదటి రోజు ఇంత కథ లేదు. దిగాం, లిటిల్ ఇండియాలో దోసె తిన్నాం, పడుకున్నాం. ఒక్క ప్లగ్గు దగ్గరే దొరికిపోయాం, అక్కడివి మూడు బల్లపరుపు పిన్నులు. జర్మనీలో రెండు గుండ్రటి పిన్నులు. మన ఫోన్ చార్జర్ దూరుతుంది, లాప్‌టాప్‌కి ఉండే మూడు పిన్నుల ప్లగ్గు దూరదు. ఇక్కడే అడాప్టర్ కొనుక్కో తల్లీ. సెలవు రోజు అక్కడ దొరకదు.

వేదిక నిర్వాహకులు
సెప్టెంబరు 13, ఉదయం 9:00

పచ్చళ్ళ మీద వచ్చిన మరో పద్నాలుగు పోస్టులను వేరే థ్రెడ్‌లోకి మార్చాం. దయచేసి ఇక్కడ మొదటి రోజు గురించే రాయండి.

పటమట ఆంటీ
సెప్టెంబరు 13, ఉదయం 11:26

నేను ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. కానీ వచ్చినవాళ్ళని చూశాను. కొన్నేళ్ళ కిందట రోటరీ వాళ్ళ యూత్ ఎక్స్ఛేంజ్‌లో బ్రెజిల్ నుంచి ఒక అమ్మాయి మా ఇంట్లో నాలుగు నెలలు ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. తన మొదటి రోజు గురించి చెబుతాను, నీకు పనికొస్తుందేమో చూడు.

గన్నవరంలో దిగేసరికి మేం పదకొండు మందిమి వెళ్ళాం, పూలదండతో సహా. ఆ పిల్ల అప్పటికి ముప్పై గంటలుగా ప్రయాణంలో ఉంది. తిన్నగా పటమట రావలసిన వాళ్ళం, మా ఆయన ప్రకాశం బ్యారేజీ చూపిద్దామని కారు అటు తిప్పారు. "ఇది 1957లో పూర్తయిందమ్మా, కిలోమీటరు పైనే పొడవు" అని ఆయన ఇంగ్లిష్‌లో వర్ణిస్తుంటే, ఆ పిల్ల నిద్రకి తల కిటికీ అద్దానికి కొట్టుకుంటోంది. చూశావా, తల ఊపుతోంది, ఎంత శ్రద్ధో అన్నారు ఆయన.

ఇంటికి రాగానే పులిహోర, గారెలు, పాయసం. కారం లేకుండానే చేశాననుకున్నా. పులిహోరలోంచి ఎండుమిరపకాయలు ఏరేస్తే కారం పోతుందనుకునే మనుషులం కదా మనం. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, ఇల్లు గుర్తొచ్చిందేమో పాపం అని ఇంకో గారె వేశాను. తర్వాత అపార్ట్‌మెంట్ వాళ్ళు వరసగా వచ్చారు. మూడో అంతస్తు ఆవిడ బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇచ్చింది. పిల్లలు ఫొటోలు. ఒకాయన వచ్చి ఫుట్‌బాల్ గురించి అరగంట.

రాత్రి తొమ్మిదింటికి బాత్రూంలోకి వెళ్ళిన పిల్ల ఎంతకీ బయటికి రాదు. తలుపు కొట్టాను. లోపల ఏడుస్తోంది. ఏమైందంటే కడుపు నొప్పి అంది. వాము నీళ్ళు పట్టించాం. నాలుగో నెలలో, వేరే ఇంటికి మారేముందు నాకు అసలు సంగతి చెప్పింది. కడుపు నొప్పీ కాదు, కారమూ కాదు. ఒక్క పది నిమిషాలు ఎవరూ లేకుండా కూర్చోవాలనిపించిందట. మా ఇంట్లో గడియ ఉన్న గది అదొక్కటే!

ఇక్కడా కాగితాలు ఉంటాయి తెలుసా. విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లోపు ఆ ఇంటివాళ్ళు ప్రభుత్వానికి వాళ్ళ వివరాల ఫారం పెట్టాలి. 180 రోజులు దాటిన వీసా అయితే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్. మాస్టారు చెప్పిన జర్మనీ లెక్కే.

నీకు అక్కడ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది తల్లీ. తిన్నావా అని ఒక్కరూ అడగరు. దానికి ముందే మనసు గట్టి చేసుకో. ఇంకో మాట, హాస్టల్ గదిలో పరుపు ఉంటుందేమో కానీ దుప్పటి, తలగడ ఉంటాయో లేదో అడిగావా? లేకపోతే ఆ రెండు రోజులు ఎక్కడ కొంటావు?

మ్యూనిక్ మాచవరం
సెప్టెంబరు 13, మధ్యాహ్నం 12:40

ఆంటీ, దుప్పటి సంగతి నాకే తట్టలేదు. నిజమే, చాలా హాస్టళ్ళలో ఉత్త పరుపే ఉంటుంది. నేను జాకెట్ కప్పుకుని పడుకున్నా.

ఎవరూ అడగరన్నది కూడా నిజం. తాళం దొరికిన రోజు పక్క గదివాడు "హలో" అని తలుపేసుకున్నాడు. నావల్ల ఏదైనా తప్పు జరిగిందా అని రెండు రోజులు ఆలోచించాను. తర్వాత తెలిసింది, కొత్తగా వచ్చినవాణ్ణి విసిగించకూడదని వాడి మర్యాద అట. మీ బ్రెజిల్ అమ్మాయి వాడి పక్క గదిలో దిగి ఉంటే ఎంత సుఖపడేదో.

బ్రాడీపేట 4/14
సెప్టెంబరు 20, రాత్రి 8:15

లక్ష్మీపురం అక్కా, చాలా థాంక్స్. ఆఫీసు వాళ్ళు నాలుగో రోజున జవాబిచ్చారు. బడ్డీని ఇచ్చారు. ఆ అమ్మాయి శుక్రవారం పొద్దున వెళ్ళి తాళం తీసుకుంటానంది. అధికార పత్రం పంపాను. ఆంటీ అన్నట్టే దుప్పటి లేదట. అమ్మ తన పాత చీరలతో కుట్టిన బొంత పెట్టమంటోంది. రెండు కిలోలు తూగింది. బొంతా, లాప్‌టాప్ స్టాండా అని ఇంట్లో గొడవ.

కృష్ణలంక కుర్రాడు
సెప్టెంబరు 20, రాత్రి 8:19

బొంత మీద లాప్‌టాప్ పెట్టుకోవచ్చు. స్టాండు కప్పుకోలేరు.

మ్యూనిక్ మాచవరం
సెప్టెంబరు 20, రాత్రి 9:02

రైలు టికెట్ తీసుకునేటప్పుడు ఒకటి చూసుకోండి. చవక టికెట్ ఆ ఒక్క రైలుకే పనికొస్తుంది. విమానం ఆలస్యమై రైలు పోతే టికెట్ కూడా పోతుంది. దిగే రోజు మాత్రం ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్ కొనండి, కొంచెం ఖరీదైనా. ఇంకా, టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. మన స్లీపర్‌లాగా బెర్తు నంబరు దానంతట అదే రాదు. మీ ఇండియా సిమ్ కూడా రీచార్జి చేసి ఉంచుకోండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి.

బ్రాడీపేట 4/14
అక్టోబరు 4, మధ్యాహ్నం 3:37

వచ్చేశాను. ఇది డ్రెస్డెన్ నుంచి రాస్తున్నా. ఆదివారం, ఇక్కడ ఇంకా మధ్యాహ్నం పన్నెండే. ప్రస్తుతం మూడున్నర గంటల తేడా, అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక నాలుగున్నర అవుతుందట.

ఇమిగ్రేషన్‌లో ఒకే ప్రశ్న: ఎన్నాళ్ళుంటావు? నేను ఫైలు తెరిచి అన్ని కాగితాలూ కౌంటర్ మీద పరిచేశాను. ఆయన ఒక్కటీ ముట్టుకోలేదు, ముద్ర వేసి పంపేశాడు. మాస్టారూ, మీ మీద కోపం లేదు.

రైల్లో ఖాళీ సీటు కనబడితే కూర్చున్నాను. ఒక స్టేషన్ తర్వాత ఒక పెద్దాయన వచ్చి సీటు పైన ఉన్న చిన్న తెర చూపించాడు. అందులో ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా రిజర్వో రాసి ఉంది. లేచి ఇంకో సీటు, మళ్ళీ లేచాను. ఎర్ఫుర్ట్ దాకా అలా మూడు సీట్లు మారాను. లైప్‌జిగ్ వచ్చేసరికి చీకటి పడింది. అప్పుడు మాత్రం భయమేసింది. బోగీలో అంతమంది ఉన్నా ఎవరి గొంతూ వినబడదు. నా చేగోడీ చప్పుడు నాకే పెద్దగా వినిపించి తినడం ఆపేశాను.

డ్రెస్డెన్ స్టేషన్ పైకప్పు తెల్లటి గుడ్డ లాగి కట్టినట్టు ఉంటుంది, పెళ్ళి పందిరిలాగా. దాని కింద బడ్డీ నా పేరు రాసిన కాగితం పట్టుకుని నిలబడి ఉంది. మూడు అక్షరాల్లో రెండు తప్పు. తాళం చూపించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముందు స్టేషన్‌లోని కొట్లో బియ్యం, గుడ్లు, అరటిపళ్ళు, బ్రెడ్డు కొనిపించింది. నీళ్ళ సీసా తీయబోతే వద్దంది, కుళాయి నీళ్ళే తాగుతారట. సీసాకి వేరే 25 సెంట్లు డిపాజిట్ కూడా ఉంటుంది, ఖాళీ సీసా మిషన్లో వేస్తే తిరిగి ఇస్తారు. డబ్బు కట్టే దగ్గర అలవాటుగా ఫోన్ తీసి స్కాన్ చేయడానికి క్యూఆర్ కోసం వెతికాను. వెనక క్యూలో వాళ్ళు ఓపిగ్గా చూశారు. ట్రాములో టికెట్‌కి ముద్ర నేనే వేశాను. కొత్తపేట అన్నయ్యా, రెండుసార్లు వేసినట్టున్నాను.

గదిలోకి వెళ్ళాక కిటికీ. హ్యాండిల్ పైకి తిప్పగానే కిటికీ మొత్తం పైనుంచి నా మీదకి వాలింది! ఊడి చేతికి వచ్చిందనుకుని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాను. మొదటి రోజే ఆస్తి నష్టం, ఇంక ఈ బిల్లు నాన్నకి ఎలా చెప్పాలి అని. బడ్డీ అప్పటికే వెళ్ళిపోయింది. ఐదు నిమిషాలు పట్టుకున్నాక ఒక చెయ్యి వదిలి చూశాను. పడలేదు. తర్వాత తెలిసింది, ఇక్కడ కిటికీలన్నీ అంతే. హ్యాండిల్ అడ్డంగా ఉంటే తలుపులాగా తెరుచుకుంటుంది, పైకి ఉంటే గాలి కోసం పైభాగం మాత్రమే వాలుతుంది. ఎవరైనా ముందే చెప్పొచ్చు కదా. ఇన్ని పోస్టుల్లో ఒక్కరూ రాయలేదు!

ఉత్త పరుపు. బొంత. అంతకంటే ఏం చెప్పను, ఇంకా ఇంటి బీరువా వాసన వస్తోంది.

నిన్న తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చింది. అమ్మకి ఫోన్ చేస్తే అక్కడ ఏడున్నర, పాలవాడితో మాట్లాడుతోంది. తెల్లారాక ఎల్బే నది దాకా నడిచాను. సెలవు కదా, కొట్లన్నీ మూసి ఉన్నాయి, నది ఒడ్డున మాత్రం జనం. కృష్ణ ముందు ఇది సన్నగా ఉంది. కానీ నీళ్ళ దాకా పచ్చగడ్డి, దాని మీద జనం పడుకుని ఉన్నారు. ఫ్రావెన్‌కిర్షె అనే చర్చి చూశాను. 1945 బాంబు దాడుల్లో కూలిపోతే మళ్ళీ కట్టి 2005లో తెరిచారు. లేత రంగు గోడల్లో అక్కడక్కడ నల్లటి రాళ్ళున్నాయి. మసి అనుకున్నా. పాత శిథిలాల్లోంచి ఏరి, తిరిగి పెట్టిన రాళ్ళట.

రాత్రి వంటగదిలో అన్నం వండుకుని, అమ్మ ఇచ్చిన పులిహోర పులుసు కలిపాను. తలుపు మూసి, కిటికీ వాల్చి. తాలింపు జోలికి పోలేదు. స్పెయిన్ అమ్మాయి ఒకతి వచ్చి టీ పెట్టుకుంటోంది. ఆంటీ చెప్పింది గుర్తొచ్చి, నేనే అడిగాను: తిన్నావా అని. తను అయోమయంగా చూసి, "ఇప్పుడా? ఎందుకు?" అంది. ఊరికే, మా ఊళ్ళో అలా అడుగుతాం అన్నాను. ఒక్క నిమిషం ఆగి, తన అరలోంచి ప్లేటు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. భోజనానికి పిలిచాననుకుంది. ఒక్క మనిషికి వండిన అన్నం అది.

పటమట ఆంటీ
అక్టోబరు 4, సాయంత్రం 4:10

కారం ఎంత వేశావు?

బ్రాడీపేట 4/14
అక్టోబరు 4, సాయంత్రం 4:14

ఎండుమిరపకాయలు ఏరేశాను ఆంటీ. అయినా మూడు గ్లాసుల నీళ్ళు తాగింది. ఈరోజు మళ్ళీ అడిగింది, ఇంకా ఉందా అని.

మొగల్రాజపురం మాస్టారు
అక్టోబరు 4, సాయంత్రం 5:00

చిరునామా నమోదుకి అపాయింట్‌మెంట్ దొరికిందా?

బ్రాడీపేట 4/14
అక్టోబరు 4, సాయంత్రం 5:06

13వ తేదీ పొద్దున మాస్టారూ. ఇంటి ధ్రువపత్రం తాళంతో పాటే ఇప్పించారు.

గోంగూర 65
అక్టోబరు 4, సాయంత్రం 6:21

పులిహోర పులుసు దాటిందన్నమాట. మాస్టారు గమనించగలరు.

తెనాలి నుంచి మార్చిలో
అక్టోబరు 5, ఉదయం 8:48

అక్కా, నేను ఏప్రిల్ సెమిస్టర్‌కి లైప్‌జిగ్ వెళ్తున్నాను. థ్రెడ్ మొత్తం చదివాను. మార్చి నెలాఖరులో దిగుదామనుకుంటున్నా. ముందు వాళ్ళ సెలవులు చూసుకుంటా. ఒక్క డౌటు, కిటికీ హ్యాండిల్ కిందికి ఉంటే మూసినట్టేనా?

బ్రాడీపేట 4/14
అక్టోబరు 5, ఉదయం 11:30

మూసినట్టే. సగంలో మాత్రం వదలొద్దు. దుప్పటి ఉందో లేదో అడుగు.